స్మార్ట్‌ఫోనుపై పరాధీనత – స్వాధీన యత్నములు: ఒక చారిత్రక పరిశీలనము

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రను వ్రాసినవారు ఇంతవరకు శాసనములను, తాళపత్రములను, దేవాలయముల లెక్కలను, వలస కథలను, పాత ఉత్తరములను ఆధారములుగా గైకొనిరి. ఇకమీద ఆ చరిత్రను వ్రాయబోవువారు తమ ఆధారములను మఱియొకచోట వెదుకవలసి వచ్చును. ఆ చోటు స్మార్ట్‌ఫోను. షోలాపురపు చేనేత కుటుంబములలోని పెండ్లిపాటలు, బరంపురములోని సంఘముల తీర్మానములు, కోయంబత్తూరు పల్లెలలో వృద్ధులు చెప్పు వంశకథలు, బెంగుళూరు కుటుంబముల ఛాయాచిత్రములు, ఇవన్నియు నేడు కాగితముపై గాక ఫోనులలో నిలిచియున్నవి. ఫోనులలో నిలిచియున్నవనుట కూడ పూర్తిగా సరికాదు. వానిలో పెక్కు దూరదేశములందలి రెండు మూడు మహావ్యాపార సంస్థల యంత్రాగారములలో నిలిచియున్నవి.

ఈ పరాధీనత ఎట్లు ఏర్పడినది? దానిని తగ్గించుకొనుటకు ఎవరెవరు ఏయే యత్నములు చేసిరి? అవి ఎంతవరకు ఫలించినవి? మన సంఘములకు వానివలన తెలియవచ్చు పాఠమేమి? ఈ నాలుగు ప్రశ్నలను కాలక్రమానుసారముగా పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రతుల సంప్రదాయము

ప్రవాసాంధ్రులకు వాఙ్మయరక్షణము క్రొత్త విషయము కాదు. తంజావూరి నాయకరాజుల కాలమునాటి తెలుగు గ్రంథములు పెక్కు అచ్చటి సరస్వతీమహల్ గ్రంథాలయమున దక్కినవి. తాటాకు చిరకాలము నిలుచు వస్తువు కాదు. చెమ్మకు చివుకును, పురుగుకు ఆహారమగును. అయినను గ్రంథములు నిలిచినవి. కారణమేమనగా తరతరమునను ఎవరో యొకరు గంటము పట్టి ప్రతి వ్రాసికొనిరి. ప్రతి వ్రాయుటకు ఆకు, గంటము, అక్షరజ్ఞానము చాలును. వ్రాయనిమ్మని దూరస్థుడైన యజమానిని అడుగ బనిలేదు. 1817లో మద్రాసునకు వచ్చిన సి. పి. బ్రౌను పండితులను నియమించి చేసిన పనియు ముఖ్యముగా ఇదియే: చెదరిన ప్రతులను చేర్చుట, పోల్చుట, మరల వ్రాయించుట.

అచ్చుయంత్రము వచ్చిన పిదపకూడ ఈ ధర్మము మారలేదు. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు మద్రాసులో స్థాపించిన ముద్రాక్షరశాల గ్రంథములను వేలకొలది ఇండ్లకు చేర్చెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపెను. పత్రిక ఊరు మారినను పాఠకుని పెట్టెలోని పాత సంచిక పాఠకునిదే. ప్రకాశకుడు దానిని తిరిగి తీసికొని పోజాలడు.

ఈ చివరి వాక్యము నేటి ఫోనునకు వర్తించదు. క్రొత్తగా వచ్చిన చిక్కు ఇదియే.

రాజ్యములు మారినప్పుడు బయట మిగిలిన తెలుగువారి బాధ్యత ఎంత పెరుగునో మనకు తెలియును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరినప్పుడు గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టముతో ఒకటవ తరగతి మొదలు ఏటేట పైతరగతులకు తమిళము నిర్బంధ పాఠ్యమైనది. 2011 జనగణనము ప్రకారము తమిళనాటను కర్ణాటకమునను నూటికి సుమారు ఆరుగురు తెలుగు మాతృభాషగా కలవారు. వీరిలో తెలుగు మాటలాడి, తెలుగు లిపి చదువనేరనివారు చాలమంది గలరు. బడి నిలుపని భాషను వీరియిండ్లలో నేడు నిలుపుచున్నది మాట, పాట, బొమ్మ. వానికి ఆధారము చేతిలోని ఫోను. కావున ఫోను ఎవరి అధీనమందున్నదను ప్రశ్న ఇతరులకంటె మనకు ఎక్కువ ముఖ్యము.

పరాధీనత పెరిగిన విధము

ఆపిల్ సంస్థ ఐఫోనును 2007 జనవరి 9న ప్రకటించి, జూన్ 29న అమ్మకమునకు తెచ్చెను. 2008 జూలైలో యాప్‌స్టోరు తెరువబడెను. ఆ నాటినుండి ఆ ఫోనులో ఏ యాప్ చేరవచ్చునో నిర్ణయించు అధికారము ఆ సంస్థకే చెందినది. ఇతర దుకాణములకు తొలిసారి దారి యిచ్చుట 2024 మార్చిలో, అదియును ఐరోపా సమాఖ్య చట్టమునకు లోబడి, అప్పటికి ఆ దేశములకు మాత్రమే జరిగినది.

ఆండ్రాయిడ్ కథ వేరు. ఆండీ రూబిన్ ప్రభృతులు 2003లో కాలిఫోర్నియాలో స్థాపించిన చిన్న సంస్థను గూగుల్ 2005లో కొనెను. 2007 నవంబరు 5న ఫోను తయారీదారులతో కలిసి ఒక కూటమిని ప్రకటించెను. 2008 అక్టోబరులో ఆండ్రాయిడ్ సోర్సుకోడ్, అనగా యంత్రమునకు వ్రాసిన ఆజ్ఞల మూలరచన, అందరును చదువుటకు, మార్చుటకు, పంచుటకు అనుమతితో వెలువడెను. ఉచితముగా దొరకిన ఈ వ్యవస్థను తయారీదారులు ఆదరించిరి. ఫోనుల వెల తగ్గెను. సామాన్య కుటుంబములకు సయితము స్మార్ట్‌ఫోను దొరకినది. ఈ మేలును మరువరాదు.

కాని తెరచియుంచిన ఆ మూలరచనపై తెరువని అంతస్తులు క్రమముగా లేచినవి. యాప్‌ల దుకాణము, పటము, ఉత్తరములు, వెదకులాట అను గూగుల్ సేవలు మొదటినుండియు మూసిన పెట్టెలే. 2012లో ప్లే సర్వీసెస్ అను భాగము వచ్చెను. ఫోను ఉన్న చోటును తెలుపుట, వార్త వచ్చినదని గంట మ్రోగించుట, ఖాతాను గుర్తించుట మొదలైన పనులు క్రమముగా ఈ భాగములో చేరినవి. యాప్‌లు వ్రాయువారు దానిపై ఆధారపడిరి. ఫలితముగా మూలరచన చేతనున్నను, ఆ సేవలు లేనిచో పెక్కు యాప్‌లు పనిచేయవు. ఇల్లు మనదే యైనను బావి పొరుగువానిదైన స్థితి యిది.

ఈ ఆధారము ఎంత బలమైనదో 2019 మేలో లోకమునకు తెలిసినది. అమెరికా ప్రభుత్వము చైనాకు చెందిన హువావే సంస్థను వ్యాపార నిషేధ పట్టికలో చేర్చగా, ఆ సంస్థ క్రొత్త ఫోనులకు గూగుల్ సేవలు నిలిచిపోయినవి. ఆండ్రాయిడ్ మూలరచనను వాడుకొను హక్కు పోలేదు, పోయినవి పైయంతస్తులు. ఆ ఒక్కదానితోనే చైనా వెలుపలి విపణిలో హువావే ఫోనుల అమ్మకము కుంగినది. భారతదేశములోను ఇట్టి దృష్టాంతము గలదు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల కారణముగా గుజరాతులోని నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ తన సేవలను కొన్నిదినములు నిలిపివేసెను. ఆ సంస్థ న్యాయస్థానమున కెక్కిన పిమ్మట అవి తిరిగి వచ్చినవి. న్యాయస్థానమునకు పోగల శక్తి ఒక మహాసంస్థకు కలదు. ఒక చిన్న తెలుగు సంఘమునకు ఎచ్చటనుండి వచ్చును?

సందేశముల విషయమున పరాధీనతకు కారణము వేరు. 2009లో పుట్టిన వాట్సాప్‌ను ఫేస్‌బుక్ 2014 ఫిబ్రవరిలో సుమారు 1900 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పందము చేసికొనెను. దానిని జనులు విడువలేకుండుటకు కారణము యంత్రములోని గొప్ప కాదు, బంధువులందరును అందుండుటయే. ఊరంతయు ఒకే సంతకు పోవుచుండగా మఱియొక సంతకు ఒంటరిగా పోయినవాడు కొనునదేమి? ఈ బంధనమును ఒక్కడు త్రెంపజాలడు. గుంపుగా కదలినవారికే అది సాధ్యము.

తెలుగు అక్షరము నేర్పిన పాఠము

పరాధీనతకు, స్వయంకృషికి మన లిపి చరిత్రలోనే చక్కని నిదర్శనములు గలవు. కంప్యూటరులో తెలుగు లేని రోజులలో, 1990ల ప్రారంభమున, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయు ఒక పద్ధతిని కల్పించిరి. ఆర్.టి.ఎస్. అను ఆ పద్ధతి విదేశములలోని తెలుగువారి తొలి అంతర్జాల సంభాషణలకు వాహకమైనది. తరువాత వచ్చిన లేఖిని మొదలైన ఉపకరణములు ఆ మార్గమునే అనుసరించినవి.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రథమ సంపుటములోనే తెలుగునకు స్థానము లభించినది. భారతీయ లిపులకు మన దేశమున 1988లో ఏర్పరచిన ఇస్కీ ప్రమాణము దానికి ఆధారము. అయినను చాలకాలము తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత అక్షరసంకేతమును వాడెను. ఆ పత్రిక ఫాంటు లేనిచో ఆ వార్త చదువుట సాధ్యము కాదు. ఇది ఒక విధమైన చిన్న గుత్తాధిపత్యము. దీనిని భేదించుటకు వెన్న నాగార్జున పద్మ అను ఉపకరణమును నిర్మించెను. అది ఆయా పత్రికల సంకేతములను యూనికోడ్ తెలుగునకు మార్చి చూపుచుండెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అను ఫాంటులను నిర్మించి ఉచితముగా పంచెను. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థ స్వతంత్ర సాఫ్టువేరును తెలుగు చేయుటకు పూనుకొనెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. అందలి వ్యాసములను ఎవరైనను ప్రతి తీసికొనవచ్చును, అచ్చువేయవచ్చును, కివిక్స్ అను ఉపకరణముతో అంతర్జాలము లేకయే ఫోనులో చదువవచ్చును. తాటాకుల నాటి ధర్మమే ఇందు మరల కనబడుచున్నది.

తొలినాటి స్మార్ట్‌ఫోనులలో తెలుగు కనబడలేదు. అక్షరముల స్థానమున డబ్బాలు కనబడెను. అక్షరములను బొమ్మలుగా మార్చి చూపు ఒపెరా మిని బ్రౌజరులోని ఒక అమరికయే చాలమందికి శరణ్యమైనది. 2014లో వెలువడిన ఆండ్రాయిడ్ 5.0తో తెలుగు ఆ వ్యవస్థ యొక్క భాషలలో చేరినది.

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి మఱింత బోధకరము. ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరము, కంటికి కనబడని ఒక సంకేతముతో కూడి, ఐఫోనులోని సందేశములలో కనబడిన తోడనే ఆ యాప్ కూలిపోవుచుండెను. అల్లరికై ఆ అక్షరమును పంపినవారును ఉండిరి. లోపము అక్షరములో లేదు. దానిని తెరపై పేర్చు ఆపిల్ సాఫ్టువేరులో నుండెను. తెలుగు క్షుణ్ణముగా తెలిసిన ఇంజనీర్లు ఎందరో మనలో నున్నను, మూలరచన మూసియున్నందున ఎవరును దానిని చక్కదిద్దజాలకపోయిరి. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ పంపువరకు వేచియుండవలసి వచ్చెను. ఆండ్రాయిడు, ఫైర్‌ఫాక్స్ వాడు హార్ఫ్‌బజ్ అను అక్షరసంధాన సాధనము తెరచిన మూలరచన గలది. దానిలో తెలుగునకు లోపము కనబడినచో తెలిసినవాడు ఎవడైనను దిద్దుబాటు వ్రాసి పంపవచ్చును. స్వాధీనత యనగా ఇంతయే: పాడైనప్పుడు బాగుచేసికొను అవకాశము.

మూతబడిన లోగిళ్ళు

ఉచితముగా లభించిన చోటు చిరకాలము నిలుచునను నమ్మకమును చరిత్ర సమర్థింపదు. పదునైదేండ్ల లోపల మూతబడినవానిలో కొన్నిటిని పేర్కొందము. 2004లో పుట్టి భారతదేశమున మిక్కిలి ఆదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూయబడెను. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న ముగిసెను. తెలుగు సాహిత్య చర్చలకు నెలవైన రచ్చబండ వంటి గుంపులకు ఆశ్రయమిచ్చిన యాహూ గ్రూప్సులోని పాత లేఖలు 2019 డిసెంబరులో తొలగింపబడెను. 2020 డిసెంబరు 15న ఆ సేవయే నిలిచిపోయెను. ముందుగా ప్రతులు తీసికొన్నవారికి ఆ చర్చలు మిగిలినవి. తీసికొననివారికి జ్ఞాపకము మాత్రమే మిగిలినది.

మూయకయే షరతులు మార్చుట మఱియొక విధము. గూగుల్ ఫోటోస్ 2015లో అపరిమితమైన ఉచిత స్థలముతో మొదలయ్యెను. 2021 జూన్ 1 నుండి క్రొత్త చిత్రములన్నియు 15 గిగాబైట్ల ఉచిత పరిమితిలో లెక్కింపబడుచున్నవి. ఆండ్రాయిడులో వాట్సాప్ నిలువప్రతులకు వేరుగా నుండిన మినహాయింపు 2024లో తొలగిపోయినది. అవియును అదే లెక్కలో చేరినవి. వ్యాపారసంస్థ ధర అడుగుట నేరము కాదు. అయితే ఆరేండ్లపాటు కుటుంబచిత్రములన్నియు ఒక్కచోట చేర్చినవారికి, అడిగిన ధర నిచ్చుట తప్ప వేరుమార్గము సులభముగా దోపదు.

స్వాధీన యత్నములు

కంప్యూటరు ప్రపంచమున ఈ విషయమై తొలిగా గొంతెత్తినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983 సెప్టెంబరులో అతడు గ్నూ ప్రణాళికను ప్రకటించెను. వాడువానికి సాఫ్టువేరును చదువు, మార్చు, పంచు స్వేచ్ఛ ఉండవలెనని అతని వాదము. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించెను. ఆండ్రాయిడ్ లోపలి మూలభాగము ఈ లినక్సే. అనగా మహాసంస్థల కోట సయితము స్వచ్ఛందుల పునాదిపై నిలిచినది.

ఫోనుల రంగమున మొదటి పెద్దయత్నము స్టీవ్ కోండిక్ 2009లో ప్రారంభించిన సయనోజెన్‌మాడ్. ఆండ్రాయిడ్ మూలరచనకు మెరుగులు దిద్ది అతడు పంచుచుండగా, ఆ సంవత్సరము సెప్టెంబరులో గూగుల్ నుండి తాఖీదు వచ్చెను: మూలరచనను పంచవచ్చును, మూసిన యాప్‌లను అందు చేర్చి పంచరాదు. తెరచిన భాగమునకు, మూసిన భాగమునకు నడిమి సరిహద్దు ఆనాడు స్పష్టమైనది. తరువాత ఆ యత్నము వ్యాపారసంస్థగా మారి 2016 చివర మూతపడెను. కాని మూలరచన అందరిదగుటచే స్వచ్ఛందులు ఆ నెలలోనే దానిని లీనియేజ్ ఓఎస్ అను పేర కొనసాగించిరి. సంస్థ పోయినను పని పోలేదు. ఆర్కుట్ మరణమునకు, సయనోజెన్ మరణమునకు గల భేదమును చదువరులు గమనింతురు గాక.

2010లో సియరన్ గుల్ట్‌నీక్స్ ఎఫ్-డ్రాయిడ్ అను యాప్‌ల భాండారమును నెలకొల్పెను. అందు స్వతంత్ర సాఫ్టువేరు మాత్రమే యుండును, ఖాతా అడుగదు. ప్లే సర్వీసెస్ స్థానమున పనిచేయుటకు మైక్రోజి అను తెరచిన ప్రత్యామ్నాయము వచ్చెను. ఫ్రాన్సులో గేయల్ దువాల్ ప్రారంభించిన ఈ-ఫౌండేషన్ ఈ రెంటిని కూర్చి సామాన్యులకు సిద్ధముగా అందించుటకు యత్నించెను. గ్రఫీన్ ఓఎస్ అనునది భద్రతకు పేరుపొందినది. అయితే అది ఇంతవరకు నడచినది గూగుల్ తయారుచేయు పిక్సెల్ ఫోనులపైననే. 2023 జనవరిలో ఐ.ఐ.టి. మద్రాసు ఆశ్రయమున రూపొందిన భరోస్ అను వ్యవస్థ ప్రకటింపబడెను. అదియు ఆండ్రాయిడ్ మూలరచనపై ఆధారపడినదే.

పటముల విషయమున స్టీవ్ కోస్ట్ 2004లో ఇంగ్లండున మొదలిడిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గొప్ప విజయము. అందు ఎవరైనను తమ వీధిని, గుడిని, బడిని చేర్చవచ్చును. ప్రతి స్థలమునకు తెలుగు పేరు వ్రాయుటకు వేరుగా స్థానము గలదు. సందేశములలో సిగ్నల్ యాప్‌కు 2018లో లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఏర్పడెను. వాట్సాప్ స్థాపకులలో ఒకడైన బ్రయన్ ఆక్టన్ దానికి 5 కోట్ల డాలర్లు సమకూర్చెను. అయినను 2025 అక్టోబరు 20న అమెజాన్ సంస్థ యంత్రాగారములు నిలిచిపోగా సిగ్నల్ కూడ ఆగినది. స్వతంత్ర సంస్థయు అద్దెయింటనే యున్నదని ఆనాడు తెలిసినది.

ఓటములును పెక్కు గలవు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోనులు 2014లో మనదేశమున చౌకగా అమ్మబడెను. వాట్సాప్ మొదలైన యాప్‌లు లేక అవి నిలువలేదు. దాని మూలరచననుండి పుట్టిన కైఓఎస్ 2017లో జియోఫోనులో చేరి కోట్లమంది చేతికి పోయెను. కాని వాట్సాప్, గూగుల్ సేవలను చేర్చుకొనియే అది నిలిచినది. ఇక లీనియేజ్ వంటివానిని అమర్చుటకు ఫోను తాళము తీయవలెను. కొందఱు తయారీదారులు దానిని తీయనీయరు. తీసిన ఫోనులో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. 2025 ఆగస్టులో గూగుల్ మఱియొక నియమమును ప్రకటించెను: తమవద్ద గుర్తింపు నమోదు చేసికొనని రచయితల యాప్‌లను ఆండ్రాయిడ్ ఫోనులలో సామాన్యముగా చేరనీయమని, 2026 సెప్టెంబరున నాలుగు దేశములతో మొదలిడి తరువాత లోకమంతటికి విస్తరింతుమని. మోసగాండ్రను అరికట్టుట తమ ఉద్దేశమని వారు చెప్పిరి. తమ భాండారము మనుటయే కష్టమని ఎఫ్-డ్రాయిడ్ వారు నిరసించిరి. విమర్శల పిదప, అనుభవజ్ఞులకు వేరుదారి యుంచుదుమని గూగుల్ ఆ నవంబరులో తెలిపెను.

న్యాయస్థానములు, చట్టములు

స్వచ్ఛందుల కృషి యొక పక్షము; రాజ్యశక్తి మఱియొక పక్షము. కర్ణాటక ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులోని తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చెను. 2022 అక్టోబరున భారత పోటీ సంఘము, ఆండ్రాయిడులో తన యాప్‌లను కట్టగట్టి తయారీదారులపై మోపినందులకు, గూగుల్‌కు 1337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, ఆజ్ఞలలో నాలుగింటిని కొట్టివేసెను. 2021 నాటి వాట్సాప్ షరతుల విషయమై 2024 నవంబరున మెటాకు 213.14 కోట్ల జరిమానా పడెను. 2025 నవంబరున ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, సమాచారమును పంచుకొనుటపై విధించిన ఐదేండ్ల నిషేధమును తొలగించెను.

ధనచెల్లింపులలో మన దేశము తీసికొన్న మార్గము విశేషమైనది. 2016లో వచ్చిన యూపీఐ ప్రజోపయోగమునకై కట్టిన రహదారి. ఏ యాప్‌నుండి ఏ యాప్‌నకైనను డబ్బు పోవును. కాని 2024లో దానిపై జరిగిన లావాదేవీలలో నూటికి ఎనుబదికి మించి ఫోన్‌పే, గూగుల్ పే అను రెండు ద్వారములగుండ జరిగినవి. రహదారి ప్రజలదైనను ద్వారములు కొందఱివే. ఇందొక మేలు గలదు: రహదారి యొక్కటే యగుటచే ద్వారము మార్చినవానికి బ్యాంకు ఖాతా పోదు. భీమ్ యాప్‌ను గాని, మామూలు ఫోనునుండి *99# అను సంఖ్యను గాని వాడవచ్చును. వాట్సాప్ వంటివానికి ఇట్టి ఉమ్మడి రహదారి లేకుండుటయే అచ్చటి బంధనము గట్టిపడుటకు మూలము.

మన సంఘములు గ్రహింపదగిన క్రమము

పై చరిత్రనుండి మూడు సంగతులు తేలుచున్నవి. ప్రతి యెవరిచేత నున్నదో వారిదే గ్రంథము. తెరచిన మూలరచన, ఉమ్మడి ప్రమాణము గలవి స్థాపకుని తరువాతకూడ బ్రతుకును. గుంపును బంధించిన దానిని గుంపే విడువగలదు. వీనిని బట్టి మన సంఘములు చేయదగిన పనులకు ఒక వరుస ఏర్పడుచున్నది.

మొదటిది ప్రతి. ఫోను మార్చుటకంటె, యాప్ తీసివేయుటకంటె ముందు చేయవలసిన దిదియే. వాట్సాప్‌లో సంభాషణను బయటికి తీయు ఏర్పాటు గలదు. గూగుల్ ఖాతాలోని సమస్తమును టేకౌట్ అను సేవతో దింపుకొనవచ్చును. వృద్ధుల పాటలు, వంశకథలు, శాసనముల చిత్రములు సంఘము యొక్క సొంత డిస్కులలో, వేర్వేరు ఊళ్ళలోని రెండిండ్లలో నైనను ఉండవలెను. వ్రాత యూనికోడ్ తెలుగులో నుండవలెను. ఎవరు పాడిరి, ఏ యూరు, ఏ సంవత్సరము అను వివరమును ప్రక్కనే వ్రాయవలెను. లేనిచో ప్రతి దక్కినను చరిత్ర దక్కదు.

రెండవది సభ్యుల పట్టిక. వాట్సాప్ గుంపునే పట్టికగా భావించు సంఘములు అనేకము. పేర్లు, చిరునామాలు, ఫోను సంఖ్యలు సంఘపు పుస్తకములో వేరుగా నుండినచో, ఏ సేవ మూతబడినను మరునాడు మఱియొకచోట చేరవచ్చును. ఆ పుస్తకమును భద్రముగా, అక్కరకు మించిన వివరములు లేకుండ ఉంచుటయు సంఘధర్మమే. సంఘమునకు సొంత డొమైను పేరుతో ఈమెయిలు ఉండుట మేలు. సేవనిచ్చు సంస్థను మార్చినను చిరునామా మారదు.

మూడవది సులభముగా మార్చదగినవి. బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్, పటమునకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌పై నడచు ఆర్గానిక్ మ్యాప్స్, తెలుగు వ్రాతకు మలయాళ స్వతంత్ర సాఫ్టువేరు కార్యకర్తలు నిర్మించిన ఇండిక్ కీబోర్డు — ఇవి ఎవరి అనుమతియు లేక, ఎవరిని నొప్పింపక మార్చుకొనదగినవి. మన వాడల, గుడుల తెలుగు పేర్లను ఆ పటమున చేర్చుట విద్యార్థులకు అప్పగింపదగిన పని.

నాలుగవది సందేశములు. ఒక్కరుగా వాట్సాప్ విడుచుట బంధువులను విడుచుటయే యగును. కాని ఇరువదిమంది కార్యవర్గము ఒకే దినమున తన చర్చలను సిగ్నల్‌నకు మార్చుకొనుట కష్టము కాదు. ఒక మహాసంస్థను విడిచి మఱియొక మహాసంస్థను, అది స్వదేశీయమైనను, చేరుట ప్రతులును ప్రమాణములును మన చేత లేనిచో పరాధీనతను తగ్గింపదు. యజమానిని మాత్రము మార్చును.

చివరిది నిర్వాహక వ్యవస్థను మార్చుట. తెలిసినవారు పాత ఫోనుపై లీనియేజ్ అమర్చి చూడవచ్చును. బ్యాంకు పనులు చేయు ఫోనుతో ప్రయోగము తగదు. సందేశములలో అపరిచితులు పంపు యాప్‌లను అమర్చుట స్వాతంత్ర్యము కాదు, మోసమునకు తలుపు తెరచుట. ఎఫ్-డ్రాయిడ్ వంటి పరీక్షిత భాండారమునకు, దారిన పోవువాడిచ్చిన పొట్లమునకు భేదము తెలియని స్వాధీనత హానికరము.

లిపి రానివారి విషయము వేరుగా చెప్పవలసియున్నది. 2017లో గూగుల్ తెలుగు మాటను వ్రాతగా మార్చు సౌకర్యమును తెచ్చినది. మాట మాత్రమే తెలిసిన ప్రవాసాంధ్రులకు ఇది నిజమైన ఉపకారము. అట్టివారిని దానిని విడువుమనుట న్యాయము కాదు. ఐ.ఐ.టి. మద్రాసులోని ఏఐ4భారత్ బృందము తెలుగుతో సహా ఇరువదిరెండు భారతీయ భాషల వాక్కును సేకరించి బహిరంగముగా ప్రకటించుచున్నది. మన యిండ్లలోని మాటతీరును, ఇష్టపడినవారి సమ్మతితో, మనమే ధ్వనిముద్రణము చేసి దాచికొన్నచో, రేపు ఏ స్వతంత్ర యత్నమునకైనను అది పనికివచ్చును. దాచికొననిచో ఆ మాటలు తెలిసిన తుదివ్యక్తితోనే ముగియును.

సంపూర్ణ స్వాధీనత నేటి లోకమున ఎవరికిని లేదు. సిగ్నల్ అద్దెయింటను, గ్రఫీన్ గూగుల్ ఫోనుపైనను నిలిచియున్న కాలమిది. అయినను పరాధీనతలో తరతమములు గలవు. అనుమతి లేనిదే కదలలేని స్థితికి, కష్టముతోనైనను మూటగట్టుకొని పోగల స్థితికి భేదము చాల గలదు. తరతరములుగా ఊళ్ళు మారి, రాజ్యములు మారి, భాషను మూటలో పెట్టుకొని వచ్చినవారి సంతతికి ఈ భేదమును వేరుగా విప్పి చెప్ప నక్కరలేదు. ప్రతి సంఘమును ఈ సంవత్సరము తన ధ్వనిముద్రణముల, చిత్రముల, పట్టికల ప్రతులను రెండు చోట్ల భద్రపరచినచో ఈ వ్యాసప్రయోజనము నెరవేరినట్లే.